ఇంటర్వ్యూలో లేఆఫ్ సంగతి తడబడకుండా ఎలా చెప్పాలి?

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది మిర్యాలగూడ. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాను. మార్చిలో క్లయింట్ ప్రాజెక్టు ఆపేయడంతో మా టీమ్‌లో 11 మందిని ఒకేసారి తీసేశారు. నా రేటింగ్ బాగానే ఉండేది. పైగా తీసేసింది వాళ్లే అయినా, మాతోనే రాజీనామా మెయిల్ పెట్టించారు.

రూమ్ ఖాళీ చేసి ఇంటికొచ్చేశాను. ఇంటర్వ్యూ ఉన్న రోజు తెల్లవారుజామునే బస్సెక్కి నల్గొండ మీదుగా పోతున్నా. ఇప్పటికి ఐదు ఇంటర్వ్యూలయ్యాయి. టెక్నికల్ రౌండ్ దాటుతున్నా కానీ, హెచ్ఆర్ "పాత కంపెనీ ఎందుకు మానేశారు?" అనగానే గొంతు ఎండిపోతోంది. ఒకసారైతే సంజాయిషీ మొదలుపెట్టి ఆపనే లేదు, ఎదురుగా ఉన్న మేడమ్ గడియారం చూసుకున్నారు.

"కాగితంలో రాజీనామా అనే ఉంది కదా, అదే చెప్పు" అంటాడు మా బావ. వెరిఫికేషన్‌లో పాత కంపెనీకి ఫోన్ చేస్తే? పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో మానేసిన తేదీ ఎలాగూ ఉంటుంది, గ్యాప్ దాచలేను.

నేను రాసుకున్న జవాబు: "క్లయింట్ ప్రాజెక్టు ఆగిపోయింది, టీమ్‌ను తగ్గించారు. ఈ నాలుగు నెలల్లో సెలీనియం ఆటోమేషన్ నేర్చుకుని, చేసిన కోడ్ గిట్‌హబ్‌లో పెట్టాను." (సెలీనియం అంటే వెబ్‌సైట్లను ఆటోమేటిక్‌గా టెస్ట్ చేసే టూల్, గిట్‌హబ్ అంటే కోడ్ దాచి చూపించుకునే సైట్.) ఇంతటితో ఆపేయొచ్చా? పాత మేనేజర్ రిఫరెన్స్ ఇస్తానన్నారు. ఆ మాట నేనే ముందు చెప్పాలా, అడిగేదాకా ఆగాలా? జీతం తగ్గించుకుంటారా అంటే ఏమనాలి?

హెచ్ఆర్‌లో పనిచేసేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. గురువారం ఇంకో ఇంటర్వ్యూ ఉంది. బావకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు, నాన్న ఇంకా వర్క్ ఫ్రమ్ హోమ్ అనే అనుకుంటున్నారు.