పిల్లల నడక: 1950ల ఇంగ్లండ్ అబ్బాయిల బట్టల పనులు

బట్టల టీం:
అందరికీ నమస్కారం. వేసవి సంబరాల్లో నడకకి పన్నెండు మంది అబ్బాయిలు పేర్లిచ్చారు. ఆరు నుంచి పదకొండేళ్ల వాళ్లు. మనం ఇప్పుడు ఉంటున్న ఈ వీధుల్లో డెబ్బై ఏళ్ల కిందట అబ్బాయిలు ఎలా తిరిగేవాళ్లో మనవాళ్లు ఆనాటి బట్టలు వేసుకుని స్టేజీ మీద నడిచి చూపిస్తారు. చూడటానికొచ్చే ఇక్కడి పెద్దవాళ్లు "ఇది నేనే" అని గుర్తుపట్టాలి, నా కోరిక అదొక్కటే. అందుకే రెండు వారాలుగా ఆనాటి కేటలాగులు, పత్రికల్లో వచ్చిన ప్రకటనలు తిరగేస్తున్నాను. దయచేసి ఆన్‌లైన్‌లో రెడీమేడ్ వేషాలు ఎవరూ కొనకండి.

ఒక పేరెంట్:
అక్కా, నేను ఇప్పటికే ఒకటి చూసి పెట్టాను. ఉన్ని టోపీ, వెయిస్ట్‌కోటు, మెడలో వేలాడే చీటీ ఉన్నాయి. సరిపోదా? ఇంకోటి, మావాడు నిక్కరు వేసుకోనంటున్నాడు. ఫ్యాంటు వేస్తే కుదరదా?

బట్టల టీం:
తమ్ముడూ, మెడలో చీటీ 1939లో యుద్ధం వచ్చినప్పుడు నగరాల నుంచి పల్లెలకి పంపించిన పిల్లలది. మనం చూపించేది ఆ తర్వాతి కాలం. నిక్కరు మాత్రం తప్పదు. ఆ వయసు అబ్బాయి ప్రకటనలో ఉన్నాడంటే ఎక్కువగా బూడిద రంగు ఫ్లానెల్ (మెత్తటి ఉన్ని బట్ట) నిక్కరులోనే ఉంటాడు, మోకాలికి కాస్త పైదాకా. పొడుగు ఫ్యాంటు వచ్చిందంటే వాడు పెద్దవాడయ్యాడని లెక్క.

ఈ ప్రకటనల్లో నాకు బాగా నచ్చిన విషయం, అవి ఎక్కువగా పిల్లాడితో కాదు, వాళ్లమ్మతో మాట్లాడతాయి. ఎన్నాళ్లు మన్నుతుంది, ఉతికితే పొట్టిదవుతుందా, లోపల లైనింగ్ ఉందా, చేతుల అంచు విప్పి పొడవు పెంచుకునేంత బట్ట మడిచి ఉందా, ఇవే మాటలు. ఎందుకుండవు మరి? 1941 జూన్ 1 నుంచి 1949 మార్చి దాకా బట్టలకి రేషన్ కూపన్లే, ఆ కొరత చూసిన అమ్మలే వీళ్లు. మన అమ్మలు టైలర్‌తో "పెరిగే పిల్లాడు, రెండంగుళాలు వదులుగా కుట్టు" అనేవాళ్లు కదా, అదే ఇది. కాబట్టి బ్లేజర్లు ఒక సైజు పెద్దవే తీసుకోండి. చేతులు వేళ్ల మొదళ్లదాకా రావాలి.

చొక్కాలకి ఎర్‌టెక్స్ లాంటిది చూడండి, సన్నటి రంధ్రాలున్న నూలు బట్ట, ఎండలో హాయిగా ఉంటుంది. వియెల్లా అయితే ఉన్ని, నూలు కలిపి నేసింది. చలికాలానికి బాగుంటుంది కానీ మనకి జులైలో వద్దు.

స్టేజీ టీం:
మొదటి ఎంట్రీకి ఒక ఆలోచన. స్టార్ట్‌రైట్ బూట్ల పోస్టరు ఉంది, 1936లో మొదలైంది, లండన్ అండర్‌గ్రౌండ్ రైల్వేలో పెట్టేవాళ్లు. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి చేయి చేయి పట్టుకుని పొడుగాటి దారిలో వెళ్తుంటారు, మనకి వీపులే కనిపిస్తాయి. మన పిల్లలిద్దరు కూడా అలా వెనక్కి తిరిగి నిలబడితే తెర తీద్దామా?

బట్టల టీం:
చాలా బాగుంది అన్నా, ఖాయం చేసేయండి. దాని తర్వాత కేటలాగు ఆంటీ వస్తే ఇంకా బాగుంటుంది. వూస్టర్ నుంచి కేస్, బ్రాడ్‌ఫర్డ్ నుంచి గ్రాటన్ అనే కంపెనీలు లావుపాటి కేటలాగులు పంపేవి. వీధిలో ఒకావిడ ఏజెంటుగా ఉండి ఆ పుస్తకం ఇల్లిల్లూ చూపించి, ఆర్డర్లు రాసుకుని, వారం వారం డబ్బు వసూలు చేసేది. ఆవిడకి కమిషన్. మన ఊళ్లో వాయిదాల మీద చీరలిచ్చే ఆవిడని చూసినవాళ్లకి ఈ పాత్ర వివరించక్కర్లేదు.

ఇంకో మంచి కబురు. మా పక్కింటి పెద్దాయన నిన్న తన చిన్నప్పటి బెల్టు తెచ్చి నా చేతిలో పెట్టారు. రెండు రంగుల చారలున్న ఎలాస్టిక్, ముందు ఇంగ్లీషు ఎస్ అక్షరంలా వంపు తిరిగిన పాము కొక్కెం. వేలితో తడిమితే పొలుసులు ఇంకా తగులుతున్నాయి. పక్కన ఒక ఇనప బిళ్ల, దాన్ని జరిపితే బెల్టు పొడవు పెరుగుతుంది. పిల్లాడితో పాటు బెల్టు కూడా ఎదగాలన్నమాట. దాన్ని నడకకి ఇస్తానన్నారు. ఆయనకి ముందు వరసలో కుర్చీ కావాలి, హాలు టీం గుర్తుపెట్టుకోండి.

శనివారం పది గంటలకి మా ఇంట్లో కుట్టుపని. మేజోళ్ల పైమడత కింద వేసే ఎలాస్టిక్ పట్టీలు ఇరవై నాలుగు కావాలి. మిషన్ ఉన్నవాళ్లు తెచ్చుకోండి, మధ్యాహ్నం భోజనం నేను చూసుకుంటాను.

ఒక పేరెంట్:
అక్కా, పాము బెల్టు ఫోటో చూసి మావాడు నిక్కరుకి ఒప్పుకున్నాడు. నడుము 22 అంగుళాలు. వేషం ఆర్డరు పెట్టట్లేదు. శనివారం మిషన్ తీసుకుని మా ఆవిడ వస్తుంది.