పాలగుండలో పాలు లేవు

మొన్న ఇక్కడ ఎవరో ఆరారూట్‌కు, అంటే దుంప నుంచి తీసే తెల్లటి పిండికి, తెలుగు మాట ఏదని అడిగితే ఒకరు 'పాలగుండ' అని రాశారు, దాని కిందనే "అంటే పాలపొడా?" అని ఇంకొకరి ప్రశ్న. జవాబు ఎవరూ ఇవ్వలేదు కాబట్టి నేను రాస్తున్నా, ఎందుకంటే ఇదే పొరపాటు మా ఇంట్లో జరిగింది. మాది హన్మకొండ. మా చిన్నోడికి ఏడాదిన్నర ఉన్నప్పుడు విరేచనాలు పట్టుకుంటే, మా వదిన "కొంచెం పాలగుండ తెప్పించు, జావ కాస్తా" అంది. నేను ఆ టెన్షన్‌లో కిరాణా దుకాణానికి ఉరికి పాలపొడి డబ్బా పట్టుకొచ్చాను.

వదిన పుట్టిల్లు విజయనగరం. వాళ్ల వైపు కారం గుండ, ముగ్గు గుండ అంటారు, మనకేమో అది కారప్పొడి, ముగ్గుపిండి. గుండ అంటేనే పొడి అన్నమాట. అందుకే 'పాలగుండ పొడి' అని రాయడం నాకు నచ్చదు, పొడి పొడి అన్నట్టే ఉంటుంది.

ఇక 'పాల'. గోధుమలు నానబెట్టి రుబ్బి పిండితే వచ్చే తెల్లటి నీళ్లను గోధుమ పాలు అంటాం. చేనులో జొన్న కంకి చూసి మన రైతులు గింజ పాలు పోసుకుంటోంది అంటారు. ఆవు, గేదె అక్కడ లేవు కదా! పాలగుండ చేసే తీరు చూస్తే ఈ పాలు కూడా అవే అని నాకు అర్థమైంది: దుంపను కడిగి, పొట్టు తీసి, తురిమి లేదా దంచి, నీళ్లలో పిసికి వడగడితే పాలలాంటి నీళ్లు వస్తాయి, కదపకుండా ఉంచితే అడుగున తెల్లగా పేరుకుంటుంది, పైనీళ్లు వంపి మళ్లీ మళ్లీ కడిగి ఎండబెడితే గుండ. ఎంత చక్కగా కుదిరిన మాట!

దుంప మాత్రం ఒక్కటే కాదు. బయటి దేశాల్లో ఆరారూట్ అంటే మరాంటా జాతి మొక్క, దాని పుట్టుక అమెరికా ఉష్ణప్రాంతాలు, కరీబియన్ దీవుల్లో సెయింట్ విన్సెంట్ దీని సాగుకు పేరు పడింది. మన గోదావరి దాటితే వచ్చే బస్తర్ అడవుల్లో తవ్వే తీఖుర్ దుంప వేరే, అది పసుపు కుటుంబం. అక్కడ ఎండాకాలం దాని షర్బత్ తాగుతారు, చలువ చేస్తుందని.

ఇప్పుడు అసలు నా బాధ చెప్తా. పేరులో పాలు ఉన్నాయని దీన్ని పసిపిల్లలకు పాల బదులు పోసే బలమైన ఆహారం అనుకోవద్దు. ఇది దాదాపు మొత్తం పిండిపదార్థమే, మాంసకృత్తులు లేనట్టే లెక్క. ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలే, జావ వద్దు. విరేచనాలైతే ముందు ఓఆర్ఎస్, ఆగకపోతే డాక్టరు. తేలిగ్గా అరుగుతుంది, గోధుమల్లో ఉండే గ్లూటెన్ ఇందులో ఉండదు, అంతవరకు నిజం. విరేచనాలు తగ్గుతాయా అంటే, పేగుల సమస్య ఉన్నవాళ్ల మీద 2000లో అచ్చయిన ఒక ప్రయోగంలో కొంత గుణం కనిపించింది, కానీ అందులో ఉన్నది 11 మందే.

ఇంకో సంగతి, ఆరారూట్ పేరుతో మొక్కజొన్న పిండి, కర్రపెండలం పిండి కూడా అమ్ముతున్నారు. కాబట్టి ప్యాకెట్ వెనకాల చదివి కొనండి.

ఒక అక్క కింద కామెంట్లో జావ కాచే పద్ధతి అడిగింది, ఇక్కడే చెప్తున్నా. ఒక చెంచా గుండను ముందు చల్లటి నీళ్లలో కలుపుకోవాలి, నేరుగా వేడి నీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది. తర్వాత మరిగే గ్లాసు నీళ్లలో పోస్తూ తిప్పితే నిమిషంలోనే చిక్కబడి తెల్లదనం పోయి అద్దంలా అవుతుంది. అప్పుడే దించేయాలి, ఎక్కువసేపు ఉడికితే మళ్లీ పలచబడుతుంది. పాలల్లో కాస్తే జిగురు జిగురుగా వస్తుంది కాబట్టి వదిన నీళ్లలోనే కాచి, చల్లారాక చిటికెడు ఉప్పు, కొంచెం సల్ల (మజ్జిగ) కలిపి ఇచ్చేది.