కొత్త రంగమందిరానికి ఎవరి పేరు: దాతదా, కవిదా, ఒగ్గు కథకుడిదా?

ప్రశ్న – హనుమకొండ నాటకాభిమాని

పెద్దలందరికీ నమస్కారం. మా మిత్రబృందం చాలా ఏళ్లుగా హనుమకొండ పరిసరాల్లో నాటకాలు ఆడుతున్నది. బడి వరండాలో రిహార్సల్స్ చేసుకుంటూ, దొరికిన హాలులో ప్రదర్శనలు ఇస్తూ వచ్చిన మాకు, ఒక పెద్దమనిషి స్థలం రాసివ్వడంతో సొంతంగా చిన్న రంగమందిరం కట్టుకునే భాగ్యం కలిగింది. స్లాబు పడింది, వేదిక పని నడుస్తున్నది. ఇప్పుడు పేరు దగ్గర ఆగిపోయాం. స్థలదాత తండ్రిగారి పేరు పెట్టాలని కొందరు, ప్రసిద్ధుడైన ఒక కవి పేరు పెడితే గౌరవంగా ఉంటుందని మరికొందరు అంటున్నారు. డోలు మోగిస్తూ దేవుళ్ల కథలను ఆడిపాడి చెప్పే ఒగ్గు కథకు దేశమంతటా పేరు తెచ్చి, సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకుని, 2017లో మనలను విడిచి వెళ్లిన చుక్క సత్తయ్య గారి పేరు పెట్టాలని నేను ప్రతిపాదించాను.

మన నగరంలో కాళోజీ కళాక్షేత్రం ఉంది. 2014లో శంకుస్థాపన జరిగి 2024 నవంబరులో ప్రారంభమైన ఆ భవనానికి ప్రజాకవి పేరు పెట్టడం ఎంతో సముచితం. పబ్లిక్ గార్డెన్‌లో మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ గారి పేరుతో కళాప్రాంగణం ఉంది. అయితే డోలు దెబ్బతో ఊరి జనాన్ని తెల్లవార్లూ కూర్చోబెట్టిన కళాకారుల్లో ఒక్కరి పేరైనా ఒక వేదిక మీద ఉండవద్దా అన్నది నా బాధ. కమిటీలో ఒకరు "ఒగ్గు కథ నాటకం కాదు గదా, జాతరలో చెప్పుకునేది" అన్నారు. అప్పుడు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇతర చోట్ల రంగమందిరాలకు నటుల పేర్లు ఎలా పెట్టారో, పెట్టాక ఏమైందో తెలిసినవారు దయచేసి రాయండి.

జవాబు – జనగామ విశ్రాంత ఉపాధ్యాయుడు

తమ్ముడూ, ముందు ఒగ్గు కథ నాటకం కాదన్న ఆ మాట సంగతి చూద్దాం. మాది సత్తయ్య గారి మాణిక్యపురం ఉన్న జిల్లాయే. చిన్నతనంలో మా ఊరి కురుమ వాడలో మల్లన్న కథ చెప్పించినప్పుడు నేను ముందు వరుసలో చాప మీద కూర్చుని చూశాను. నేల మీద పసుపు, కుంకుమ, పచ్చటి ఆకుపొడితో పట్నం అనే పూజముగ్గు వేశారు. ఒకాయన చేతిలో ఒగ్గు, అంటే శివుని డమరుకం, మోగుతున్నది. కథ మల్లన్న భార్య మేడలమ్మ దగ్గరికి రాగానే కథకుడు భుజం మీది కండువాను తలపైకి లాక్కుని, నడుము కొద్దిగా వంచి, గొంతు మార్చాడు. అంతవరకు మల్లన్నగా నిలబడిన మనిషి మా కళ్లముందే ఆడబిడ్డ అయ్యాడు. పక్కనున్న వంతపాటగాడు "ఎందుకేడుస్తున్నవమ్మా" అని అడిగితే మా నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తెర లేదు, సెట్టింగు లేదు. పాత్ర ఉంది, సంభాషణ ఉంది, అభినయం ఉంది, కంటతడి పెట్టిన ప్రేక్షకులూ ఉన్నారు. ఇంకేం కావాలి నాటకానికి?

తెలుగు నాటక ప్రదర్శన 1880లో కందుకూరి వీరేశలింగం గారి "వ్యవహార ధర్మబోధిని"తో మొదలైందని పాఠ్యపుస్తకాల్లో చెబుతాం. అది ఆధునిక నాటకం లెక్క. మన పాలకుర్తి సోమనాథుడు "పండితారాధ్య చరిత్ర"లో శ్రీశైలంలో శివరాత్రి వేళ భక్తులు ఆడే నాటకాలను, యక్షగానాలను అంతకు ఆరు వందల ఏళ్ల ముందే వర్ణించాడు. జాతరలో ఆడేది నాటకం కాదంటే ఆ చరిత్రనంతా చెరిపేసుకోవలసి వస్తుంది. ఈ సంగతి మీ కమిటీ మిత్రుడికి నిదానంగా, గౌరవంగా చెప్పండి. ఆయనకూ తెలియక అన్న మాటే అయి ఉంటుంది.

జవాబు – కాజీపేట రైల్వే ఉద్యోగి

ఉద్యోగరీత్యా కొన్నేళ్లు కలకత్తాలో ఉన్నాను. అక్కడ నాకు తెలిసిన ఒక కథ మీకు పనికివస్తుందనుకుంటాను. బినోదినీ దాసి 19వ శతాబ్దపు బెంగాలీ రంగస్థలంలో మేటి నటి. ఒక ధనిక వ్యాపారి ఆమె మీది మక్కువతో కొత్త నాటకశాలకు డబ్బు పెట్టడానికి ముందుకు వచ్చాడు. తోటి కళాకారుల కోసం ఆమె తన జీవితాన్నే పణంగా పెట్టి దానికి ఒప్పుకుంది. ఆ నాటకశాలకు తన పేరులోని అక్షరంతో "బి థియేటర్" అని పేరు పెడతారని ఆమెకు ఆశ చూపించారు. 1883లో తీరా రిజిస్ట్రేషన్ అయ్యేసరికి అది "స్టార్ థియేటర్" అయింది. వేశ్యాకుటుంబం నుంచి వచ్చిన స్త్రీ పేరు ఉంటే మర్యాదస్తులు రారని అనుకున్నారట. మరో మూడేళ్లకే, పాతికేళ్లు నిండకముందే, ఆమె రంగస్థలాన్ని వదిలేసింది. ఆ స్టార్ థియేటర్ తర్వాత హాతిబాగాన్‌కు మారింది. దానికి బినోదిని పేరు పెడుతున్నట్లు అక్కడి ముఖ్యమంత్రి 2024 డిసెంబరు చివరలో ప్రకటించారు. నూట నలభై ఏళ్లు పట్టింది!

నేను ఆ వార్త చదివిన రోజున చాలాసేపు మౌనంగా కూర్చుండిపోయాను. "జాతరలో చెప్పుకునేది" అన్న మాట వెనకా, "మర్యాదస్తులు రారు" అన్న మాట వెనకా ఉన్నది ఒకే రకమైన చూపు అని నాకనిపిస్తుంది. పుణేలో మరాఠీ వాళ్లు స్త్రీపాత్రలతో మెప్పించిన బాలగంధర్వ పేరును 1968లోనే తమ నగరంలోని పెద్ద రంగమందిరానికి పెట్టుకున్నారు. బెంగళూరులోని రంగశంకర నాటకశాల 2004లో కన్నడ నటుడు శంకర్ నాగ్ స్మృతిలో మొదలైంది. ఇవన్నీ చూశాక మీ ప్రతిపాదన వింతైనదేమీ కాదని ధైర్యంగా చెప్పవచ్చు.

జవాబు – నిజామాబాద్ సోదరి

అన్నగారూ, సత్తయ్య గారి మీద నాకు అపారమైన గౌరవం ఉంది. అయినా ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. ఈ చర్చలో ఇంతవరకు మీరు ప్రతిపాదించిన పేర్లన్నీ మగవారివే. మా జిల్లాకు చెందిన చిందు ఎల్లమ్మ గారు మీకు గుర్తుకు రాలేదా? చిందు భాగవతంలో ఆడవాళ్లు తరతరాలుగా ముఖానికి రంగు పూసుకుని, భుజకీర్తులు కట్టుకుని, మగపాత్రలు కూడా వేసి ఊరూరా తిరిగారు. పట్నాల్లో స్త్రీపాత్రలను మగవాళ్లే వేస్తున్న కాలంలో కూడా మన పల్లెల్లో ఈ తల్లులు వేదిక మీద ఉన్నారు. లండన్‌లోని వెస్ట్ ఎండ్ నాటకశాలల్లో నటుడు డేవిడ్ గారిక్ పేరిట 1889లోనే ఒకటి వెలిసింది గాని, రాజవంశంతో సంబంధం లేని స్త్రీ పేరు ఒక నాటకశాలకు దక్కడానికి 2018 దాకా ఆగవలసి వచ్చింది. ఆమె నృత్యదర్శకురాలు గిలియన్ లిన్. మనం అంత ఆలస్యం చేయడమెందుకు? మందిరానికి ఒకరి పేరు, లోపలి వేదికకు మరొకరి పేరు పెట్టే వీలుంది కాబట్టి ఆలోచించండి.

ఇంకొకటి. ఎవరి పేరు పెడుతున్నారో వారి కళ ఆ వేదిక మీద ఆడే వీలుందో లేదో చూసుకోండి. ఒక పట్టణంలో జానపద కళాకారుడి పేరున్న హాలులో మా పిల్లల చిందు ప్రదర్శన పెట్టాం. వేదిక నున్నటి గ్రానైటుతో కట్టారు. గజ్జెల కాళ్లు జారి ఇద్దరు పడ్డారు. గ్రీన్ రూంలో కిరీటం పెట్టుకుని నిలబడే ఎత్తు కూడా లేదు. పేరు గోడ మీద ఎంత పెద్దగా రాసినా ఆ పూట మాకు సంతోషం కలగలేదు.

జవాబు – కరీంనగర్ పాఠకుడు

దాత విషయం ఒక్కటి చెబుతాను. విజయవాడలోని తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రాన్ని జనం తుమ్మలపల్లి కళాక్షేత్రం అనే పిలుస్తారు. పదకర్త క్షేత్రయ్య పేరు మధ్యలో మాయమైపోతున్నది. రెండు పేర్లు కలిపి పొడుగ్గా పెడితే వాడుకలో ఒకటే మిగులుతుంది. కాబట్టి దాతగారి తండ్రి పేరును ప్రవేశద్వారానికో గ్రంథాలయ గదికో విడిగా పెట్టి, మందిరానికి ఒక్క పేరే ఉంచండి. ఆటోవాడికి చెప్పుకోగలిగినంత చిన్నదిగా ఉండాలి.

ప్రశ్న అడిగినవారు – హనుమకొండ నాటకాభిమాని

మాస్టారికి, అన్నకు, అక్కకు, కరీంనగర్ మిత్రునికి నా కృతజ్ఞతలు. అక్క రాసింది చదివి ఈ ఉదయమే మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. వేదిక మీద గ్రానైటు వేయడం ఆపించి, చెక్క పరచడానికి ఎంతవుతుందో లెక్క వేయమన్నాను. వేదిక ముందు పట్నం వేసుకోవడానికి, ప్రేక్షకులు చుట్టూ చాపల మీద కూర్చోవడానికి వీలుగా మొదటి రెండు వరుసల కుర్చీలు తీసివేయగలిగేలా పెట్టిస్తున్నాం. ఆదివారం కమిటీ సమావేశంలో మందిరానికి సత్తయ్య గారి పేరు, వేదికకు ఎల్లమ్మ గారి పేరు ప్రతిపాదిస్తాను. ఒప్పుకుంటే ముందుగా రెండు కుటుంబాల పెద్దల దగ్గరికి స్వయంగా వెళ్లి అనుమతి అడుగుతాం. స్థలదాతగారితో కూడా మాట్లాడాను. ద్వారం మీద తన తండ్రిగారి పేరు ఉంటే చాలని, లోపల డోలు మోగితే ఆయనే ఎక్కువ సంతోషించేవారని అన్నారు. మాస్టారూ, ప్రారంభోత్సవం రోజున మల్లన్న కథ చెప్పించాలని ఉంది. మీ ఊరి బృందంలో ఇప్పుడు ఎవరున్నారో కనుక్కుని చెప్పగలరా?