జీతం లేని ఇంటర్న్‌షిప్ పిల్లల కోసం కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) డబ్బు అడుగుదామా, వద్దా?

గౌతమీపాయ:
మన పూర్వ విద్యార్థుల సంఘం తరఫున ఒక దరఖాస్తు పెడదామని నా ప్రతిపాదన. 2020-21 నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ పిల్లలకి మొత్తం 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. చివర్లో ఒక సెమిస్టర్ మొత్తం బయటే. కామర్స్ పిల్లలు ఏ ఆడిటర్ ఆఫీసుకో వెళ్తారు. ఎడిటింగ్, యానిమేషన్, డిజైన్ అనుకునే వాళ్ళకి మాత్రం హైదరాబాద్ తప్పట్లేదు. అక్కడేమో "పని నేర్పుతున్నాం, మళ్ళీ డబ్బులు కూడానా?" అంటున్నారు. హాస్టల్, తిండి, బస్సు ఖర్చులన్నీ ఇంటి దగ్గర్నుంచే రావాలి. లంకల్లో కౌలు చేసుకునే వాళ్ళింట్లో అది కుదిరే పనేనా?

ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం ఉందిగా అంటారేమో. 2024 అక్టోబరులో అది మొదలైనప్పుడు నెలకి 5,000 అన్నారు గానీ, ఫుల్‌టైమ్ చదువుతున్న వాళ్ళకి కాదన్నారు. కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారుల స్కాలర్‌షిప్పూ నెలకి 5,000. అది గురువు దగ్గర ఏళ్ళ తరబడి సంగీతమో నాట్యమో నేర్చుకున్న వాళ్ళకి. వీడియో ఎడిటింగ్ నేర్చుకునే పిల్లాడు ఎందులోనూ పట్టడు.

అందుకే మన నేలలో గ్యాసు, చమురు తీసుకుంటున్న కంపెనీలని అడుగుదాం. పదిమందికి నెలకి 8,000 చొప్పున నాలుగు నెలలు. అంతా కలిపి 3,20,000. ఏమంటారు?

కోటిపల్లి రేవు:
ఫాలోయింగ్.

రూల్స్ మావయ్య:
సంఘానికి ఆదాయపు పన్ను వాళ్ళ దగ్గర 12ఏ రిజిస్ట్రేషన్ ఉందా? విరాళమిచ్చే వాళ్ళకి పన్ను మినహాయింపు వచ్చే 80జీ ఉందా? సీఎస్ఆర్ సొమ్ము తీసుకునే సంఘాలు వేయాల్సిన సీఎస్ఆర్-1 ఫారం వేశారా? అవి లేకపోతే ఏ కంపెనీ మన చేతిలో రూపాయి పెట్టదు. అన్నీ ఉన్నా, ఇలాంటి పనుల్లోనే కనీసం మూడేళ్ళ అనుభవం చూపించాలి. మనం ఈ మూడేళ్ళలో చేసింది రక్తదాన శిబిరాలు, సంక్రాంతి ముగ్గుల పోటీలు.

గౌతమీపాయ:
ముగ్గులు కూడా డిజైనే కదండీ మావయ్య గారూ.

రూల్స్ మావయ్య:
ఎటకారం తర్వాత. ముందు 80జీ ఉందో లేదో చెప్పండి.

కెమెరా బాబాయ్:
నేను వద్దంటున్నాను, కారణం కూడా చెబుతాను. రాజమండ్రిలో ఇరవై ఏళ్ళ పైనుంచి స్టూడియో నడుపుతున్నాను. హైదరాబాద్ వాడు జీతం ఇవ్వట్లేదు, కాబట్టి మనం ఇద్దాం అంటున్నారు. అంటే వాడికి కూలి లేని కూలీని మన ఖర్చుతో పంపుతామన్నమాట. ఈ ఏడు పదిమందికి ఇస్తే వచ్చే ఏడు ఇంకో నలుగురు స్టూడియో వాళ్ళు "మీకు సంఘం ఇస్తుందిగా" అని ఇప్పుడిచ్చే రెండు మూడు వేలు కూడా ఎగ్గొడతారు. అయినా మా రోజుల్లో ఎవరిచ్చారు స్టైపెండు? మా గురువు గారి స్టూడియో ఊడ్చాను, లైట్లు మోశాను, డార్క్‌రూమ్‌లో మందులు కలిపాను. కెమెరా నా చేతికి రావడానికి ఏడాది పట్టింది. పని అలాగే వస్తుంది.

ఐదో సెమ్:
బాబాయ్ గారూ, మీ గురువు గారి దగ్గర మీకు డిగ్రీ క్రెడిట్లు లేవండి. మాకు ఉన్నాయి. లాగ్‌బుక్కు మీద, రిపోర్టు మీద ఓనర్ సంతకం పెట్టకపోతే సెమిస్టర్ పోతుంది. అందుకే డబ్బులు అడగలేం. పని నచ్చకపోయినా మధ్యలో మానేసి రాలేం.

కెమెరా బాబాయ్:
సంతకం పెట్టని వాళ్ళ సంగతి నాకెందుకు చెబుతావు బాబూ?

గౌతమీపాయ:
బాబాయ్ గారూ, మీ ఊరి కథే చెబుతాను. చిత్రకారుడు దామెర్ల రామారావులో చేవ ఉందని చూసి బొంబాయి జేజే ఆర్ట్ స్కూలుకి పంపించిందెవరు? ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర. "స్టూడియో ఊడువు, ఏడాది తర్వాత చూద్దాం" అని ఉంటే ఈ రోజు రాజమండ్రిలో ఆయన పేరున ఆర్ట్ గ్యాలరీ ఉండేదా?

కెమెరా బాబాయ్:
సగం కథే చెప్పారు. రామారావు బొంబాయిలో ఉండిపోలేదు. రాజమండ్రి తిరిగొచ్చి ఇక్కడే కుర్రాళ్ళని కూర్చోబెట్టి బొమ్మలు నేర్పాడు. 1925లో పోయేనాటికి ఆయనకి ముప్ఫై కూడా నిండలేదు, అయినా శిష్యుల్ని తయారుచేసి వెళ్ళాడు. మీరు పంపే పదిమందిలో ఎంతమంది వెనక్కి వస్తారో కాగితం మీద రాసిస్తారా?

రూల్స్ మావయ్య:
కూల్డ్రే దొరకి 80జీ అక్కర్లేదు. మనకి కావాలి.

పాలకొల్లు నుంచి:
😂 మావయ్య గారు వదలరు

లేసుదారం:
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. ఇక్కడి స్టూడియోలకి పిల్లలు వస్తే నేర్చుకోవడం, హైదరాబాద్ వెళితే కూలీ. ఏమి లెక్క బాబాయ్ గారూ ఇది? మా తమ్ముడు మన జిల్లాలోనే ఒక స్టూడియోలో చేశాడు. పేరు చెప్పను. మాఘమాసం ముహూర్తాలన్నీ రాత్రిళ్ళు మేలుకుని డ్రోన్ పెట్టెలు మోశాడు, పగలు ఆల్బమ్‌లు దిద్దాడు. ఒక్కో పెళ్ళికి ఆ ఓనర్ ఎంత తీసుకుంటాడో అందరికీ తెలుసు. తమ్ముడికి ఇచ్చింది టిఫిను, పెట్రోలు. ఇంకొక వారం ఉండమంటే ఉండనన్నాడని రిపోర్టు ఆపేశాడు.

కెమెరా బాబాయ్:
పేరు చెప్పకుండా నన్నే అంటున్నారని ఈ గ్రూపులో అందరికీ తెలుస్తోంది. వాడు మొదటి వారంలో నాలుగు పెళ్ళిళ్ళ ఫుటేజీ ఉన్న హార్డ్ డిస్క్ ఫార్మాట్ చేశాడు. ఆ డబ్బులు నేను ఎవరి దగ్గర అడిగాను? అసలు విషయం చెప్పమంటారా? నా దగ్గర ఇప్పుడు ఆల్బమ్ డిజైనర్ లేడు. నేర్పిన ప్రతివాడూ ఆర్నెల్లకి హైదరాబాద్ బస్సెక్కుతున్నాడు. మీరేమో బస్సు టికెట్టు కూడా సంఘం ఖర్చుతో కొంటానంటున్నారు. ఆ 8,000 నా దగ్గర ఉండే కుర్రాడికి ఇవ్వండి, ఇంకో 4,000 నేను వేస్తాను. ఇక్కడే ఉంటాడు.

గౌతమీపాయ:
అదీ సంగతి. అయితే మీరు స్టైపెండుకి కాదు, హైదరాబాద్‌కి వ్యతిరేకం. ఈ మాట పొద్దున్నే అంటే పోయేది. నేను మాత్రం పిల్లలు వెళ్ళాలనే అంటాను. ఇక్కడ పెళ్ళి ఆల్బమ్ తప్ప ఇంకేముంది?

లేసుదారం:
ఇంకేముంది అని ఎంత సులువుగా అనేశారండీ! నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో ఎన్ని అరుగుల మీద లేసు అల్లుతున్నారో చూశారా? 2024లో ఆ లేసుకి జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. బండారులంకలో మగ్గాలున్నాయి, ఉప్పాడలో జాందానీ నేత ఉంది. డిజైన్ చదివే పిల్లలకి ఒక సెమిస్టర్ నేర్చుకోవడానికి ఇవి చాలవా? మా అమ్మ నలభై ఏళ్ళు లేసు అల్లింది. డజనుకింత అని కమిషన్ ఏజెంటు ఇచ్చిందే తీసుకుంది. ఇంటిపని అయ్యాక ఖాళీగా కూర్చోకుండా చేసుకునే పనేగా అని రేటు ఎప్పుడూ పెంచలేదు. కొత్త పువ్వు కావాలంటే ఆ ఏజెంటే మా అమ్మ దగ్గరకి ఫోటో పట్టుకొచ్చేవాడు, అమ్మ చూసి లెక్క కట్టి దారంతో తీసేది. దాన్నెవరూ డిజైన్ అనలేదు.

డబ్బు అడిగితే ఇలా అడుగుదాం. ఐదుగురు పిల్లలు లేసు దగ్గర, మగ్గాల దగ్గర నాలుగు నెలలు ఉండాలి. వాళ్ళకి నెలకి 8,000. నేర్పే ఆడవాళ్ళకీ, నేతగాళ్ళకీ కూడా అంతే. పదిమందికి ఇచ్చే డబ్బులోనే సరిపోతుంది. ఇంతసేపటి నుంచీ నేర్పేవాడంటే ఓనరే అన్నట్టు మాట్లాడుతున్నారు మీరిద్దరూ.

ఐదో సెమ్:
అక్కా, ఐడియా బావుంది. కానీ నాకు యానిమేషన్ కావాలి. లేసు దగ్గర కూర్చుంటే ఉద్యోగానికి చూపించే నా షోరీల్ వీడియోలో ఏం పెట్టుకోను?

లేసుదారం:
నిన్ను రమ్మనలేదు తమ్ముడూ. వచ్చే వాళ్ళ గురించి అంటున్నాను.

గౌతమీపాయ:
మరి యానిమేషన్ పిల్లల్ని వదిలేయమంటారా? నేను ఈ పోస్టు పెట్టిందే వాళ్ళ కోసం.

రూల్స్ మావయ్య:
ఒక్క నిమిషం. సీఎస్ఆర్ కింద ఏమేం చేయొచ్చో కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో ఉంది. చదువు, వృత్తి నైపుణ్యాలు ఒక పద్దు. సంప్రదాయ కళలు, చేతివృత్తులు ఇంకో పద్దు. పైగా కంపెనీ పనిచేసే చుట్టుపక్కల ప్రాంతానికే మొదటి ప్రాధాన్యం ఇవ్వాలని అదే చట్టం సెక్షన్ 135లో ఉంది. హైదరాబాద్ హాస్టల్ బిల్లు అంటే వాళ్ళు మొదటి పేజీలోనే పక్కన పెడతారు. లేసు, మగ్గం అంటే చదువుతారు. ఇంకోటి, కంపెనీయే నేరుగా పిల్లల ఖాతాలో వేసేలా అడిగితే మన సంఘానికి 80జీ ఉన్నా లేకపోయినా గొడవ లేదు.

గౌతమీపాయ:
ఈ ముక్క మొదట్లోనే చెప్పొచ్చు కదండీ!

రూల్స్ మావయ్య:
మీరు అడగలేదు. నేను అడిగినదానికి ఇప్పటికీ జవాబు రాలేదు.

కెమెరా బాబాయ్:
ఇక్కడి స్టూడియోలు కూడా చుట్టుపక్కల ప్రాంతమే. వృత్తి నైపుణ్యాల పద్దులో మమ్మల్ని కూడా రాయండి.

లేసుదారం:
రాద్దాం. మీరు వేస్తానన్న 4,000 కూడా రాద్దాం. ముందు మా తమ్ముడి రిపోర్టు మీద సంతకం పెట్టండి.

కెమెరా బాబాయ్:
హార్డ్ డిస్క్ సంగతి తేలాక.

గౌతమీపాయ:
రెండు దరఖాస్తులు రాస్తాను. ఇక్కడి పనికి ఒకటి. బయటికి వెళ్ళే వాళ్ళకి ఇంకొకటి, అది కంపెనీకి కాదు, మనలో ఉద్యోగాల్లో ఉన్న వాళ్ళకి. ఎవరు ఎంత వేస్తారో ఈ కింద రాయండి.

కోటిపల్లి రేవు:
ఫాలోయింగ్.