తెలుగు పద్యాన్ని ఇటాలిక్‌లో పెట్టాలా?

డీటీపీ ఆపరేటర్, గవర్నర్‌పేట, విజయవాడ:
ఒక కవితా సంపుటికి పేజీలు సెట్ చేస్తున్నాను. మధ్యలో వచ్చే పాత పద్యాలన్నీ ఇటాలిక్‌లో, అంటే కుడికి వాలిన అక్షరాల్లో, ఉండాలని కవిగారి పట్టు. వాల్చి చూస్తే ఎబ్బెట్టుగా ఉంది. అసలీ ఇటాలిక్ ఎక్కడ పుట్టింది? ఆయనకు ఏం చెప్పి ఒప్పించాలి?

పాత కంపోజిటర్, గుంటూరు:
తమ్ముడూ, అది వెనిస్‌లో పుట్టింది. ఆల్డస్ మానూషియస్ పంతులు పని చేసి, నలభై దాటాక ప్రెస్ పెట్టాడు. అరిస్టాటిల్‌ని గ్రీకులోనే అయిదు సంపుటాలుగా అచ్చేసిన మొండివాడు. ఆయనకు అక్షరాలు చెక్కింది ఫ్రాంచెస్కో గ్రిఫో. అప్పటి పండితులు గబగబా రాసుకునే చేతిరాతను చూసి వాలు అక్షరాలు చెక్కాడు. 1501లో లాటిన్ కవి వర్జిల్ కావ్యాల పుస్తకమంతా వాటితోనే వేశారు. ఒక మాటను ఎత్తి చూపడానికి మధ్యలో ఇటాలిక్ వాడటం తర్వాతివాళ్ల అలవాటు.

ఆ పుస్తకం సైజు చూడు. కాగితాన్ని మూడు మడతలు పెడితే ఎనిమిది ఆకులు, 16 పేజీలు. మనం పుస్తకం సైజును డెమ్మీ 1/8 అంటామే, అదే లెక్క. బల్ల మీద పరిచి చదివే కావ్యం చేతిలోకి వచ్చింది. నాకైతే ఇటాలిక్ కంటే ఇదే గొప్ప పని.

గ్రిఫో నిలువు అక్షరాన్ని పక్కకు తోయలేదు, వేరే రాతనే చెక్కాడు. నీ కంప్యూటర్ చేసేది తోయడమే. ‘పెద్ద’ అని కొట్టి వాల్చు. తలకట్టు కుడికి పోతుంది, కిందున్న ద ఒత్తు ఎడమకు జరిగి ‘పె’ వైపు పోతుంది. కన్ను తడబడేది అక్కడే. సీసం అక్షరాల రోజుల్లో మా ప్రెస్‌లో పద్యానికి పాయింటు, అంటే అక్షరం సైజు, తగ్గించి, రెండు పక్కలా ఖాళీ వదిలేవాళ్లం. అంతే చాలు.

ప్రూఫ్ రీడర్, తెనాలి:
సెమీకోలన్ కూడా ఆల్డస్ ప్రెస్ నుంచే వచ్చిందండీ. 1496లో పియెత్రో బెంబో ఎట్నా పర్వతం గురించి రాసిన చిన్న పుస్తకంలో వేశారు. బెంబో అనే ఫాంటుకు మూలం ఆ పుస్తకంలోని అక్షరాలే.

డీటీపీ ఆపరేటర్:
పద్యాలు రెండు పాయింట్లు తగ్గించి, మార్జిన్ పెంచి ప్రింట్ చూపించానండీ. కవిగారు ఒప్పుకున్నారు. ముందుమాటలో ఇంగ్లిష్ లిపిలో ఉన్న పుస్తకాల పేర్లు ఇటాలిక్‌లోనే ఉంచనా?

పాత కంపోజిటర్:
ఉంచు. కాకపోతే ఆ ఫాంటుకు విడిగా గీసిన ఇటాలిక్ ఉందో లేదో చూసి ఉంచు.