తోడు వెళ్లేవాళ్లకు తోడెవరు?

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మహిళా సంఘం తరఫున, ఇంట్లో దెబ్బలు తిన్న ఆడవాళ్లకు తోడు వెళ్తుంటాను. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయించడం, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి సెంటర్‌కి తీసుకెళ్లడం, ఒడియా కాగితాలు తెలుగులో చదివి చెప్పడం నా పని. పుట్టిల్లు సరిహద్దు అవతల ఆంధ్రాలోని పాతపట్నంలో ఉన్న ఒకామెకు, 2005 గృహహింస చట్టం కింద తలదాచుకున్న చోటే కేసు వేయొచ్చని చెప్పాను. అంతవరకు నాకు తెలుసు. కానీ 'పరువు పోతుంది, సర్దుకుపొమ్మని చెప్పు' అంటూ ఆమె మేనత్తే నా గుమ్మంలో కూర్చుంటే ఏమనాలి? మా వీధిలో అందరం వరసలు కలిపి పిలుచుకునేవాళ్లమే మరి.

రాత్రుళ్లు విన్నవే చెవుల్లో తిరుగుతున్నాయి, నిద్ర లేదు. ఇంట్లో చెబితే ఆమె గుట్టు బయటపడుతుంది. నాలాంటివాళ్లతో తెలుగులో మాట్లాడే కౌన్సెలర్ ఎవరైనా తెలుసా? బరంపురమైనా, శ్రీకాకుళమైనా వస్తాను. ఈ పనిలో ఉన్నవాళ్లు మీరెలా తట్టుకుంటున్నారు?