హైపర్-వీ హోస్ట్ మీద యాంటీవైరస్: రీస్టార్ట్ అయ్యాక ట్యాలీ వీఎం కనబడటం లేదు

గుంటూరు_సిస్టమ్స్:
అందరికీ నమస్తే. గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో సిస్టమ్స్ చూస్తాను. ఉన్నది ఒకటే సర్వర్, విండోస్ సర్వర్ 2019. దాని మీద హైపర్-వీలో (ఒకే సర్వర్‌లో వర్చువల్ మెషీన్లు, అంటే వీఎంలు నడిపే మైక్రోసాఫ్ట్ సదుపాయం) ట్యాలీ, ఫైల్ సర్వర్, డొమైన్ కంట్రోలర్ (డీసీ, ఆఫీసు లాగిన్లు చూసేది) మూడు వీఎంలుగా నడుస్తున్నాయి. వీఎంలన్నీ డీ డ్రైవ్‌లో మేం పెట్టుకున్న ఫోల్డర్‌లో ఉన్నాయి.

కొత్త యాంటీవైరస్ పెట్టిన వెండర్, డెస్క్‌టాప్‌లకి ఇచ్చిన పాలసీనే హోస్ట్‌కీ (వీఎంలని మోసే అసలు సర్వర్‌కీ) తోసేశాడు. అప్పట్నుంచీ మధ్యాహ్నం స్కాన్ మొదలైతే చాలు, ట్యాలీలో ఓచర్ సేవ్ కాదు. అసలే సీజన్, గేటు దగ్గర లారీలు ఆగిపోతున్నాయి. నిన్న హోస్ట్ రీస్టార్ట్ అయ్యాక ట్యాలీ వీఎం హైపర్-వీ మేనేజర్‌లో అసలు కనబడలేదు. ఫైల్ సర్వర్ స్టార్ట్ చేస్తే 0ఎక్స్800704సీ8 ఎర్రర్. వీఎంల డిస్క్‌లైన వీహెచ్‌డీఎక్స్ ఫైళ్లు మాత్రం డిస్క్‌లో భద్రంగానే ఉన్నాయి. ఎక్స్‌క్లూజన్లు (స్కాన్ చేయకుండా వదిలేసే ఫోల్డర్లు, ఫైళ్లు) ఇస్తే ఆడిట్‌లో ఒప్పుకోరని వెండర్ అంటున్నాడు. ఒకటే టెన్షన్. హోస్ట్ మీద యాంటీవైరస్ తీసేయనా?

రాత్రి_డ్యూటీ:
తీసేయ్ బ్రదర్. హోస్ట్‌లో ఎవరు మెయిల్ తెరుస్తారు?

పాత_సర్వర్:
తీసేయకండి. హోస్ట్ పోతే మూడు వీఎంలూ ఒకేసారి పోతాయి.

ముందు వీఎం సంగతి. కంగారుపడి కొత్త వీఎం చేసి పాత డిస్క్ తగిలించకండి. యాంటీవైరస్ అనుమానించి పక్కన పెట్టే క్వారంటైన్‌లో వీఎంసీఎక్స్ ఫైలు (వీఎం సెట్టింగ్స్ ఉండేది) ఏదైనా ఉందేమో చూడండి, ఉంటే రిస్టోర్ చేయండి. ఎక్స్‌క్లూజన్లు పెట్టాక హోస్ట్‌లో వర్చువల్ మెషీన్ మేనేజ్‌మెంట్ సర్వీసు రీస్టార్ట్ చేయండి. నడుస్తున్న వీఎంలు దాంతో ఆగవు. మీకొచ్చిన ఎర్రర్‌కి అర్థం, ఆ ఫైలును ఇంకో ప్రోగ్రామ్ తెరిచి పట్టుకుని కూర్చుందని. ఆ ప్రోగ్రామ్ ఎవరో మీకు తెలిసిందే.

ఎక్స్‌క్లూజన్లలో వీఎంలున్న డీ డ్రైవ్ ఫోల్డర్, చెక్‌పాయింట్ల (వీఎం పాత స్థితిని దాచే ఫైళ్ల) ఫోల్డర్, ప్రోగ్రామ్‌డేటాలో మైక్రోసాఫ్ట్, విండోస్ కింద ఉండే హైపర్-వీ ఫోల్డర్ ఉండాలి. ప్రాసెస్‌లలో వీఎంఎంఎస్, వీఎండబ్ల్యూపీ, వీఎంఎస్‌పీ, 2019 కాబట్టి వీఎంకంప్యూట్ కూడా. రేపు క్లస్టర్ (కలిసి పనిచేసే సర్వర్ల గుంపు) కడితే క్లస్టర్‌స్టోరేజ్ ఫోల్డర్ మర్చిపోకండి.

హైపర్-వీ హోస్ట్‌లకి మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఎక్స్‌క్లూజన్ లిస్టులో ఫైల్ ఎక్స్‌టెన్షన్లు కూడా ఉంటాయి: వీహెచ్‌డీఎక్స్, ఏవీహెచ్‌డీఎక్స్, వీఎంసీఎక్స్, వీఎంఆర్‌ఎస్, ఆర్‌సీటీ, ఎంఆర్‌టీ వగైరా. వీటికి ఇబ్బంది లేదు. ఎక్స్‌ఎంఎల్, బిన్ మాత్రం డ్రైవ్ మొత్తానికి ఇవ్వడం నాకు నచ్చదు. 2012 ఆర్2 కాలంలో వీఎం కాన్ఫిగరేషన్ ఎక్స్‌ఎంఎల్‌లో ఉండేది. 2016 నుంచి వీఎంసీఎక్స్‌కి మారింది. ఫోల్డర్ ఎక్స్‌క్లూజన్ ఉంటే సరిపోతుంది, ఊరంతటికీ తలుపు తీయక్కర్లేదు. ఇంకో మాట, ఆ ఫోల్డర్‌లో డౌన్‌లోడ్లు, ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన సెటప్‌లు పెట్టకండి. అక్కడ స్కానర్ చూడదు.

విండోస్‌తో వచ్చే యాంటీవైరస్, డిఫెండర్ కూడా నడుస్తోందా? సర్వర్‌లో వేరే యాంటీవైరస్ పెట్టినంత మాత్రాన అది తనంతట తాను తప్పుకోదు, డెస్క్‌టాప్ విండోస్‌లోలా కాదు. పవర్‌షెల్‌లో గెట్-ఎంపీకంప్యూటర్‌స్టేటస్ కొట్టి ఏఎంరన్నింగ్‌మోడ్ చూడండి. 'నార్మల్' అని ఉంటే ఇద్దరూ కలిసి ఒకే డిస్క్‌ని తోముతున్నారు.

గుంటూరు_సిస్టమ్స్:
మీరన్నట్టే 'నార్మల్' అనే ఉంది అన్నా! వీఎంసీఎక్స్ క్వారంటైన్‌లో లేదు. ఎక్స్‌క్లూజన్లు పెట్టి సర్వీసు రీస్టార్ట్ చేశాక ట్యాలీ వీఎం లిస్టులోకి వచ్చింది, ఫైల్ సర్వర్ లేచింది. ఇక డిఫెండర్ ఒక్కటే ఉంచుదామంటే, హైపర్-వీ రోల్‌ని చూసి ఎక్స్‌క్లూజన్లు అదే పెట్టుకుంటుందని ఎక్కడో చదివాను. అయితే చాలా?

పాత_సర్వర్:
చాలదు. 2016 నుంచి ఆ సదుపాయం ఉన్నమాట నిజమే, కానీ అది రియల్‌టైమ్ స్కాన్‌కే (ఫైలు తెరిచినప్పుడల్లా జరిగేది). షెడ్యూల్ స్కాన్‌కి వర్తించదు, మీ సమస్య మధ్యాహ్నం వచ్చేది అక్కడే. పైగా డీ డ్రైవ్‌లో మీ సొంత ఫోల్డర్ దానికి తెలియదు. పవర్‌షెల్‌లో యాడ్-ఎంపీప్రిఫరెన్స్‌తో మీరే చేర్చండి. ఇంకోటి, అది తనంతట పెట్టుకున్నవి గెట్-ఎంపీప్రిఫరెన్స్‌లో కనబడవు. లిస్టు ఖాళీగా ఉందని భయపడకండి.

ఆడిటర్ అడిగితే ఒక్క ముక్క చెప్పండి: వీఎం లోపలి ఫైళ్లని ఆ వీఎంలో ఉన్న యాంటీవైరస్ చూసుకుంటుంది, హోస్ట్ దాని డిస్క్‌ని బయటినుంచి ముట్టుకోదు. అలా చెప్పాలంటే మూడు వీఎంలలోనూ యాంటీవైరస్ ఉండాలి మరి.

రాత్రి_డ్యూటీ:
సరే, తీసేయమన్న మాట వెనక్కి. కానీ మూడు వీఎంలూ ఒకే టైముకి స్కాన్ మొదలెడితే అదే డిస్క్ మళ్లీ మూలుగుతుంది. ట్యాలీకి రాత్రి, ఫైల్ సర్వర్‌కి ఆదివారం, అలా విడివిడిగా పెట్టు. బ్యాకప్ టైముతో కలవకుండా చూసుకో.

గుంటూరు_సిస్టమ్స్:
బ్యాకప్ రాత్రి పదికి. ట్యాలీ స్కాన్ తెల్లవారుజామున రెండింటికి పెట్టాను. డీసీ వీఎంలో యాంటీవైరస్ అసలు లేదని ఇప్పుడే తెలిసింది, వెండర్‌కి ఫోన్ చేస్తున్నా.